ఇరవై రెండు వేల ఇరవై ఒకటి

బి.ఎస్సీ. లెక్కల గ్రూపులో ముగ్గురం చేరాం. మొదటి ఏడాది దసరా సెలవులు అయ్యేసరికి ఒకమ్మాయికి ఇంజనీరింగులో సీటొచ్చింది, వెళ్లిపోయింది. ఇంకొకతను కంప్యూటర్ కోర్సు అంటూ హైదరాబాదు బస్సెక్కాడు. మిగిలింది నేను. నా రోల్ నంబరు మూడు.

అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి ఒకటి రెండేళ్లయింది. మా వైపు పత్తి చేల మధ్య ఎక్కడ చూసినా ఇంజనీరింగు కాలేజీల బోర్డులే. వినుకొండలో మాది మేడ మీద నడిచే చిన్న ప్రైవేటు డిగ్రీ కాలేజీ. కామర్సు వాళ్లకి కూర్చోవడానికి చోటు చాలేది కాదు. మా లెక్కల గదిలో మాత్రం ఏ బెంచీ మీద కూర్చోవాలో తేల్చుకోవడమే నాకు పొద్దున్నే పెద్ద పని. కొన్నాళ్లు ముందు బెంచీలో కూర్చున్నాను. పాఠం చెప్పే మనిషి మొహం అంత దగ్గరగా చూస్తూ కూర్చోవడం ఇద్దరికీ ఇబ్బందిగా ఉండి వెనక్కి జరిగాను. మరీ వెనక్కి వెళ్తే అలిగినట్టుంటుందని మళ్లీ ముందుకొచ్చాను. చివరికి మూడో వరసలో కిటికీ పక్కన స్థిరపడ్డాను.

మా మేనత్త ఊళ్లో కనబడినప్పుడల్లా ఒకటే అడిగేది. "లెక్కలు చదివి ఏం చేస్తావే? పత్తి కాటా దగ్గర కూర్చుంటావా?"

"కూర్చుంటానత్తా. కాటా మోసాలు పట్టుకోవాలిగా," అనేదాన్ని.

నోటికి తక్కువ లేదు నాకు. ఆ నోటితో మాట్లాడడానికి కాలేజీలో మనిషి లేకపోవడమే నా బాధ. పొద్దున ఊరి బస్సు దిగిన దగ్గర్నుంచి సాయంత్రం మళ్లీ బస్సెక్కే దాకా ఒక్కోరోజు నేను పలికిన మాట "ప్రజెంట్ సార్" ఒక్కటే అయ్యేది. మిగతా ఆడపిల్లలు గుంపులుగా కిందికి దిగుతుంటే నేను మెట్ల మీద పక్కకి జరిగి దారిచ్చేదాన్ని. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. నాతో మాట్లాడడానికి వాళ్లకి ఏమీ ఉండేది కాదు, అంతే.

మా లెక్కల సార్ గుంటూరు పక్కన నల్లపాడు నుంచి రోజూ పాసింజరు రైల్లో వచ్చేవారు. యాభై దాటిన మనిషి. భార్య పోయి చాలా ఏళ్లయిందని, పిల్లల్లేరని కాలేజీలో అనుకుంటుంటే విన్నాను. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. గదిలోకి రాగానే రిజిస్టరు తెరిచి, కళ్లజోడు సర్దుకుని, నిండు క్లాసుని పిలిచినంత గొంతుతో "రోల్ నంబర్ వన్" అనేవారు. ఆగేవారు. "టూ" అని మళ్లీ ఆగేవారు. ఆ ఆగినప్పుడు కింద బజార్లో ఆటోల హారన్లు, ఎవరో ఎవర్నో ఒరేయ్ అని కేకెయ్యడం వినిపించేవి. ఆ తర్వాతే "త్రీ" అనేవారు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "వాళ్లు వెళ్లిపోయారు కదండీ సార్. ఇంకా పిలవడం ఎందుకండీ?"

"రిజిస్టర్లో ఉన్నారు కదమ్మా," అన్నారాయన. "పిలవడం మన పని. రావడం వాళ్ల ఇష్టం."

మధ్యాహ్నం ఆయన స్టాఫ్ రూములో తినేవారు కాదు. మా క్లాసు పక్కనే సామాన్లు పడేసిన గది ఒకటుంటే అందులో తినేవారు. నేను క్లాసులోనే తినేదాన్ని. మధ్యలో సగం ఇటుక మందం గోడ. అటు ఆయన క్యారేజీ గిన్నెల చప్పుడు, ఇటు నా గిన్నె మూత చప్పుడు. ఆయన మజ్జిగన్నం దాకా వచ్చారని గిన్నె శబ్దాన్ని బట్టి నాకు తెలిసిపోయేది. రెండేళ్ల పైన అలా పక్కపక్కనే తిన్నాం, ఒక్కసారీ ఏం కూర అని ఒకళ్లనొకళ్లం అడగలేదు.

రెండో ఏడాది చలికాలంలో ఒక మధ్యాహ్నం ఆయన సిలబస్ పక్కన పెట్టి బోర్డు మీద 6 అని వేశారు.

"దీన్ని భాగించేవి ఏవమ్మా? ఆరుని వదిలేసి చెప్పు."

"ఒకటి, రెండు, మూడు సార్."

"కలుపు."

"ఆరు."

"మళ్లీ అదే వచ్చింది కదా. ఇలాంటి దాన్ని పరిపూర్ణ సంఖ్య అంటారు. తర్వాతది 28." ఆ పక్కనే 496, 8128 వేశారు. వాటి తర్వాతది ఒక్కసారిగా మూడు కోట్లు దాటిపోతుందన్నారు. "వీటన్నిట్లో నీకేం కనబడుతోంది?"

"అన్నీ సరిసంఖ్యలే సార్."

"ఆఁ. బేసి సంఖ్యల్లో ఇలాంటిది ఒక్కటి కూడా ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. అసలు లేదని రుజువు చెయ్యడం కూడా ఎవరి వల్లా కాలేదు."

తలుపు వైపు చూశారు. వరండాలో ఎవరూ లేరు. మా గది దగ్గరకి ఎవరొస్తారు గనక.

"నాకు దొరికిందమ్మా," అన్నారు.

బోర్డు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా రాశారు: 1,98,58,55,76,189. పందొమ్మిది వేల ఎనిమిది వందల యాభై ఎనిమిది కోట్ల యాభై ఐదు లక్షల డెబ్భై ఆరు వేల నూట ఎనభై తొమ్మిది. అంత పెద్ద సంఖ్యని ఆయన చూడకుండా, తడబడకుండా, ఇంట్లో మనిషి పేరు చెప్పినంత తేలిగ్గా చదివారు.

దాన్ని ఆయన పట్టుకున్న దారి పెద్ద కష్టమేం కాదు. 3, 7, 11, 13 గుణిస్తే 3003. దాని వర్గం 90,18,009. ఈ సంఖ్యని భాగించేవన్నీ, దాన్ని కూడా చేర్చి కలిపితే 1,80,35,199 వస్తుంది. పరిపూర్ణం కావాలంటే ఆ మొత్తం, అసలు సంఖ్యకి సరిగ్గా రెట్టింపు ఉండాలి, అంటే 1,80,36,018. 819 తక్కువైంది. ఆ లోటు పూడ్చడానికి కొత్త ప్రధాన సంఖ్య ఒకదాన్ని తెచ్చి గుణించాలి. అది ఎంతుండాలో లెక్క కడితే, 1,80,35,199ని 819తో భాగించినంత. భాగిస్తే శేషం లేకుండా 22021 వచ్చింది. దాన్ని 90,18,009తో గుణిస్తే వచ్చేదే బోర్డు మీది పెద్ద సంఖ్య.

"శేషం సున్నా అనగానే రైల్లో పక్కాయన భుజం పట్టేసుకున్నానమ్మా," అన్నారు సార్. "ఆయన మిరపకాయల బేరగాడు. ఏంది మాస్టారూ, గుండె నొప్పా అన్నాడు."

ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే. నేనూ నవ్వాను. అంత పెద్ద గదిలో ఇద్దరం నవ్వితే శబ్దం వింతగా ఉంది.

ఇక తేలాల్సింది ఒక్కటే. 22021 నిజంగా ప్రధాన సంఖ్యేనా, వేరే ఏ సంఖ్యతోనూ పోదు కదా అని. అదీ చూసేశానన్నారు. కదిలే రైల్లో కుదుపులకి అంకెలు అంకెల మీద పడతాయి కాబట్టి బండి ఆగినప్పుడే భాగహారం చేసేవారట. ఒక్కో స్టాపులో ఒక్కో ప్రధాన సంఖ్యతో. నల్లపాడులో ఎక్కితే వినుకొండ దాకా పది స్టాపులు. సాయంత్రం బండి కిక్కిరిసి ఉంటుంది కనక పొద్దుటి పూటే. 150 లోపు ప్రధాన సంఖ్యలు చూస్తే చాలు కనక నాలుగు రోజుల్లో అయిపోయింది. దేనితోనూ పోలేదు.

"ఇది జరిగి ఎన్నాళ్లయింది సార్?"

"పదేళ్లు దాటింది."

"మరి యూనివర్సిటీకి పంపలేదేమండీ?"

"ఇంకొకళ్లు సరిచూడాలి కదమ్మా. ఇన్నాళ్లూ చూపించడానికి ఎవరున్నారు?"

ఆ మాటకి నా గుండె ఉబ్బిపోయింది. అబద్ధం ఎందుకు, మా ఊళ్లో నన్ను ఎవరూ ఏ పనికీ అంత అక్కరతో అడిగి ఎరగరు. అప్పటికే ప్రిన్సిపాల్ గారు చెప్పేశారు, నా బ్యాచ్ తోనే ఈ గ్రూపు ఎత్తేస్తామని. గ్రూపు పోతే సార్ ఉద్యోగమూ పోతుంది. "ఇది నిజమని పైవాళ్లు ఒప్పుకుంటే ఎత్తెయ్యరమ్మా, ఎలా ఎత్తేస్తారు?" అన్నారు సార్. ఆ ఎలా అనడంలో చిన్నపిల్లాడి మొండితనం ఉంది. గుణకారాలన్నీ నన్ను మొదటి నుంచీ సరిచూడమన్నారు. 22021 సంగతి మాత్రం తను చూసేశాను కాబట్టి దాని జోలికి వెళ్లనక్కర్లేదన్నారు.

మిరపకోతలు మొదలయ్యాయి. కల్లంలో కాయలు ఆరబోస్తే సెలవు రోజుల్లో పగలు కాపలా నాది. తాటాకు పందిరి కింద కూర్చుని మేకల్ని అదిలించడం, మధ్యమధ్య లేచి కాయల్ని తిరగేయడం. కొంచెం దూరంలో ఆడకూలీలు తెల్లబారిన తాలు కాయలు ఏరుతుండేవారు. కళ్లెత్తితే కనుచూపు మేర ఎరుపు. నేను ఒళ్లో అట్ట పెట్టుకుని సార్ లెక్క చేసుకుంటూ ఉండేదాన్ని. ఆ లెక్క చేస్తున్నంతసేపు నాకు ఒంటరిగా అనిపించేది కాదు. ఆయన పదేళ్ల క్రితం నడిచిన దారినే నేనూ నడుస్తున్నట్టుండేది.

గుణకారాలు సరిపోయాయి. ఇక ఊరికే ఉండక, ఒక్కో ముక్కనీ విడగొట్టి మళ్లీ చూద్దామనుకున్నాను. ఏడు వర్గానికి 1, 7, 49 కలిపితే 57. అది మూడు పందొమ్మిదులు. పదకొండు వర్గానికి 1, 11, 121 కలిపితే 133. అది ఏడు పందొమ్మిదులు. ఈ పందొమ్మిది ఎక్కడి నుంచి వచ్చింది అనుకున్నాను. సార్ చెప్పిందే నిజమైతే, ఇలా వచ్చిన మొత్తాలన్నీ గుణిస్తే వచ్చేదీ, ఆ పెద్ద సంఖ్యకి రెట్టింపూ ఒకటే కావాలి. ఒక వైపు 19 ఉంటే రెండో వైపూ ఉండి తీరాలి. రెండులో లేదు. 3003లో లేదు. మిగిలింది 22021 ఒక్కటే.

భాగహారం చెయ్యకముందే నాకు తెలిసిపోయింది. అయినా చేశాను. 1159 వచ్చింది, శేషం సున్నా. మళ్లీ చేశాను. ఏదో ఒక శేషం రావాలని, ఒకటైనా మిగలాలని మనసులో వేడుకుంటూ ఇంకోసారి చేశాను. మిగల్లేదు. ఆ 1159ని కూడా 19తో భాగిస్తే 61. అంటే 22021 ప్రధాన సంఖ్య కాదు. పందొమ్మిది, పందొమ్మిది, అరవై ఒకటి గుణిస్తే వచ్చిన మామూలు సంఖ్య. సార్ పెద్ద సంఖ్య పరిపూర్ణం కాదు.

ఏడుపొచ్చేసింది. తాలు ఏరుతున్న ఒకావిడ చూసి, "కళ్లు నలపమాకమ్మా, ఇంకా మండుద్ది," అంది. మిరప ఘాటు అనుకుంది పాపం.

చెప్పకుండా ఉంటే ఏం పోయింది అని కూడా అనుకున్నాను. సరిపోయింది సార్ అంటే చాలు, ఆయన మొహం ఎలా వెలుగుతుందో నాకు కనబడుతూనే ఉంది. కానీ ఆ తర్వాత ఆయన పంపుతారు. ఎక్కడో ఏసీ గదిలో ఎవరో చూసి, పక్కవాడికి చూపించి నవ్వుతారు. వాళ్లు నవ్వుతారన్న ఊహకే నాకు ఒళ్లు మండింది. ఎవరో చెప్పడం కంటే నేను చెప్పడమే నయం అనుకున్నాను.

సోమవారం క్లాసులో వన్, టూ అయ్యాయి. త్రీ అనగానే లేచి, "22021 పందొమ్మిదితో పోతుందండీ సార్," అన్నాను. ఇంకెలా చెప్పాలో తెలియలేదు.

ఆయన సుద్దముక్క నా వైపు చాచారు. బోర్డు మీద చేశాను. "ఇంకోసారి చెయ్యమ్మా," అన్నారు. చేశాను. 1159ని కూడా విడగొట్టి చూపించాను. ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు. చాలాసేపు ఆ మూడు సంఖ్యల వైపే చూశారు.

"అది ఒంటరిది అనుకున్నానమ్మా," అన్నారు చివరికి. "ముగ్గురున్నారన్నమాట."

ఆ మధ్యాహ్నం గోడకి అటు వైపు గిన్నెల చప్పుడు వినబడలేదు. నేనూ మూత తియ్యలేదు.

మర్నాడు ఆయన వచ్చి రిజిస్టరు తెరిచి నేరుగా "త్రీ" అన్నారు. వన్, టూ పిలవలేదు. ఇన్నాళ్లూ నేను విసుక్కున్న ఆ రెండు పిలుపులు లేకపోయేసరికి ఎందుకో తట్టుకోలేకపోయాను. ఆ రోజు నుంచి చివరి ఏడాది పరీక్షల దాకా మళ్లీ ఎప్పుడూ పిలవలేదు.

"ఎక్కడ తప్పిందో పొద్దున తెలిసింది," అన్నారు అటెండెన్సు వేసి. "నరసరావుపేట దాటాక ఒక హాల్టు ఉంది చూడు, ప్లాట్‌ఫారం కూడా ఉండదు. అది ఎనిమిదో స్టాపు. అక్కడ బండి సరిగ్గా ఆగిన పాపాన పోలేదు, ఆగినట్టే ఆగి కదిలిపోతుంది. మొదటి రోజు ఎనిమిదో ప్రధాన సంఖ్య 19. రెండో రోజు పద్దెనిమిదోది 61. రెండూ ఆ హాల్టులోనే వచ్చాయి. రెండుసార్లూ కంగారుగా చేసి ఉంటాను."

"ఇన్నేళ్లలో ఒక్కసారైనా మళ్లీ చూసుకోలేదా సార్?" అడిగాక నాలుక కరుచుకున్నాను. నా నోరు అంతే.

"భయమేసిందమ్మా," అన్నారు. "ఒకసారి కుదిరాక మళ్లీ చూడబుద్ధి కాలేదు."

ఆ తర్వాత ఆయన పాఠం ఎప్పటిలాగే చెప్పారు, బాగానే చెప్పారు. మూడో ఏడాది గడిచింది, పరీక్షలయ్యాయి. మా గది కామర్సు వాళ్లకిచ్చేశారు. చివరి రోజు నమస్కారం పెట్టి వస్తుంటే "బాగా చదువుకోమ్మా" అన్నారు. అందరికీ చెప్పే మాటే. మెట్లు దిగుతుంటే ఒకటే అనిపించింది: ఈయన దగ్గరున్నది ఆ సంఖ్య ఒక్కటే, దాన్ని నేను తీసేసుకున్నాను, బదులు ఇచ్చిందేమీ లేదు.

బి.ఎడ్. చేశాను. ప్రత్తిపాడు దగ్గర హైస్కూల్లో టీచరుగా ఉద్యోగమొచ్చింది. అక్కడే ఒక గది తీసుకుని ఉన్నాను. పగలంతా పిల్లల గోల, సాయంత్రం గదికొస్తే ట్యూబులైటు గుయ్యిమనే చప్పుడు. ఒక్కదానికే వండుకోవడం బద్ధకమై చాలాసార్లు మజ్జిగన్నంతో సరిపెట్టుకునేదాన్ని. తింటూ తింటూ ఒక్కోసారి గోడ వైపు చూసేదాన్ని. అటు వైపు ఎవరూ లేరని తెలుసు.

అలా కొన్నేళ్లు గడిచాక ఒకసారి స్కూలు పని మీద గుంటూరు వెళ్లి, పని అయ్యేలోగా ఊరికే ఒక నెట్ సెంటర్లో కూర్చున్నాను. ఏం వెతకాలో తోచలేదు. చేతులు వాటంతట అవే ఆ పన్నెండు అంకెలూ కొట్టాయి. ఏమీ రాదనుకున్నాను. వచ్చింది. ఇంగ్లిషులో పేజీలకి పేజీలు. నా ఇంగ్లిషుకి మళ్లీ మళ్లీ చదవాల్సి వచ్చింది. కొన్ని వందల ఏళ్ల కిందట ఎక్కడో పరాయి దేశంలో ఒక పెద్దమనిషి, లోకమంతా పేరున్న మేధావి, సరిగ్గా ఈ సంఖ్య దగ్గరకే వచ్చి ఆగాడట. 22021 గనక ప్రధాన సంఖ్య అయ్యుంటే ఇది బేసి పరిపూర్ణ సంఖ్య అయ్యేది అని రాశాడట. ఇప్పుడు ఇలాంటి సంఖ్యలకి ఒక పేరే ఉంది. తెలుగులో చెప్పాలంటే దొంగ పరిపూర్ణ సంఖ్యలు. ఇలాంటి బేసి సంఖ్య ఇంతవరకు ఇదొక్కటే దొరికిందట.

సార్ వెర్రివాడు కాదు. నల్లపాడు పాసింజర్లో కూర్చుని అంత దూరం వెళ్లొచ్చారు. ఈ సంగతి ఆయనకి చెప్పకుండా ఎలా ఉండగలను?

ఆదివారం నల్లపాడు వెళ్లాను. స్టేషన్ బయట టీ బంకు దగ్గర లెక్కల మాస్టారు అని అడిగితే గేటు పక్క సందు చూపించారు. రెండు గదుల ఇల్లు. తలుపు తీసిన మనిషి బాగా చిక్కిపోయారు. నన్ను చూసి కాసేపు తడుముకున్నారు. పేరు గుర్తు రాలేదు.

"త్రీ కదూ," అన్నారు.

లోపలికి రమ్మని, స్టవ్ మీద పాలు పెట్టి వచ్చి కూర్చున్నారు. నేను ఆగలేకపోయాను. దారి పొడుగునా అనుకున్న మాటలన్నీ కలగాపులగంగా చెప్పేశాను. అదే 3003, అదే 22021, అంత గొప్పవాడు కూడా అక్కడి దాకానే వచ్చాడని. ఆయన అడ్డు రాకుండా విన్నారు. బయట గూడ్సు బండి ఒకటి వెళ్లింది. అది పూర్తిగా వెళ్లాక అడిగారు.

"మరి 22021 ప్రధాన సంఖ్య కాదని ఆయనకి ఎవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదు సార్. రాసేటప్పటికే ఆయనకి తెలుసు."

"తనంతట తనే తెలుసుకున్నాడన్నమాట."

"అవునండీ."

"పాపం," అన్నారు సార్. కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. "నాకైతే నువ్వున్నావు."

స్టవ్ మీద పాలు పొంగుతుంటే ఇద్దరం ఒకేసారి లేచాం.